ఐదో పనిముట్టు

"దాన్ని ఆడనే ఉండనీండి రాజారత్నం. ముట్టుకోవద్దని చెప్పినా కదా!"

ఇన్‌స్పెక్టర్ దేవరాజులు మాట పూర్తిచేసేలోగా రాజారత్నం ఆ వెండి గొట్టాన్ని బల్ల మీంచి తీసేశాడు. జానెడు పొడవు, బొటనవేలంత లావు. ఒళ్ళంతా సన్నటి తీగల చెక్కడం. ఒక కొసన చిన్న గుండు. రెండో కొస నుంచి ఇనుప మొన ఒకటి తొంగి చూస్తోంది.

"ఐదు నిమిషాలు ఇస్తానన్నారు మీరే," అన్నాడు రాజారత్నం.

"సూసేదానికి ఇస్తానంటి. ఎత్తుకొని తిప్పేదానికి కాదు."

"చూడకుండా మనిషిని లోపలేసినారు. చూసి బయటికి తీసేదానికి నాకు ఐదు నిమిషాలు ఎక్కువా?"

దేవరాజులు మొహం ఎర్రబడింది. కానీ గొట్టాన్ని లాక్కోలేదు. అతనికీ ఎక్కడో అనుమానం ఉందని రాజారత్నానికి అర్థమైంది. తిరుపతిలో ప్రైవేటు డిటెక్టివుగా పదేళ్ళు పోలీసుల మొహాలు చదివిన మనిషి అతను.

సోమవారం మధ్యాహ్నం చిత్తూరులో మునస్వామి నాయుడు చనిపోయాడు. భూములూ తోటలూ ఉన్న పెద్దమనిషి. పాత వస్తువులు పోగుచేయడం ఆయనకు పిచ్చి. ఉబ్బసం వల్ల రోజూ మధ్యాహ్నం కాంపౌండరు చిన్నబ్బ ఇంటికి వచ్చి ఇంజక్షన్ వేసి వెళ్ళేవాడు. ఆ రోజూ వేశాడు. కాసేపటికి కాఫీ తీసుకుని గదిలోకి వెళ్ళిన భార్య ఆదిలక్ష్మమ్మకు నాయుడు మంచం మీద బోర్లా పడి కనిపించాడు. మెడ వెనక, జుట్టు మొదట్లో, మిరియపు గింజంత గాయం. మంచం కింద ఈ గొట్టం. దాని ఒంటి మీద రక్తపు మరక.

ఈ వస్తువేమిటో పోలీసులకు తెలియలేదు. తెలుసునని ఒకాయన వచ్చాడు. ఆ వచ్చినాయన ఇప్పుడు దేవరాజులు పక్కనే కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"ఐదు నిమిషాలు కాదు, ఐదు రోజులు ఇవ్వండి సార్ ఆయనకి," అన్నాడు మద్రాసు బాలసుబ్రమణ్యం. "ఏమీ తేలదు. ఇది పాత ఇంగ్లీషు డాక్టర్ల సాధనం. కడుపులో నీరు పట్టినవాళ్ళకి పొడిచి నీరు తీసే సూది. ఇట్లాంటివి నా కొట్లో అమ్మినాను. కాంపౌండరు దగ్గర తప్ప ఇంకెవరి దగ్గర ఉంటాది?"

మద్రాసులో అతనికి పాత వస్తువుల వ్యాపారం, దానికి తోడు ఒక డిటెక్టివ్ ఏజెన్సీ. రెండేళ్ళ కిందట తిరుపతి నగల కేసులో రాజారత్నం పట్టుకున్న దొంగను తాను పట్టినట్టు పత్రికల్లో వేయించుకున్నది ఇతనే. నాయుడితో తనకు ఉత్తరాల పరిచయమనీ, చావు కబురు విని వచ్చాననీ, సాయం చేస్తాననీ నిన్న తనంతట తానే స్టేషనులో దిగాడు. వస్తువును చూసి మాట చెప్పాడు. ఆ మాట మీద నిన్న సాయంత్రమే చిన్నబ్బను పట్టుకొచ్చారు. ఇవాళ సాయంత్రం మేజిస్ట్రేటు ముందు పెడతారు. ఈలోగా ఒప్పించాలని రాత్రంతా ప్రయత్నించారు. వెనక గదిలోంచి మూలుగు సన్నగా వినిపిస్తూనే ఉంది. బయట వరండాలో, రాజారత్నాన్ని తిరుపతి నుంచి పిలిపించిన చిన్నబ్బ భార్య పంకజాక్షి ఆ మూలుగు వినకుండా చెవులు మూసుకుని కూర్చుంది.

ఆ శబ్దానికి రాజారత్నం కుర్చీలో కూర్చోలేకపోతున్నాడు. నిలబడే గొట్టాన్ని కిటికీ వెలుతురుకు పట్టాడు.

"నీరు తీసే సూదికి అంచులెన్ని బాలసుబ్రమణ్యం?"

"ఏమి?"

"పొద్దున పెద్దాసుపత్రిలో డాక్టరును అడిగొచ్చినా. మూడంచులంట. గాయం మూడు మూలలుగా పడుతుందంట. నాయుడి మెడ మీద గాయానికి నాలుగు మూలలున్నాయి. శవపరీక్ష చేసినాయన రాసినాడు."

"పాత కాలం సరుకు. ఒక్కోటి ఒక్కో రకంగా ఉంటాది."

"అయితే దీని మొనకు నాలుగు మూలలుండాల. చూడండి ఇన్‌స్పెక్టర్‌గారూ, గుండ్రంగా ఉంది. పైగా మొద్దు. దీంతో తోలు గీసుకుపోతుందే కానీ లోపలికి దిగదు. రక్తం గొట్టం మీదుంది, మొన మీద చుక్క లేదు."

దేవరాజులు ముందుకు వంగాడు. బాలసుబ్రమణ్యం వంగలేదు.

రాజారత్నం వేళ్ళు ఒక్కచోట నిలవడం లేదు. మొన పక్కనున్న చిన్న మేకును గోటితో నెట్టాడు. మొన లోపలికి జారిపోయింది. ఇంకో మేకు నెడితే అదే కొస నుంచి చీలిక ఉన్న రాగి పాళీ బయటికి వచ్చింది. గొట్టం నడుమ గోరు పట్టేంత గాడి ఒకటి కనిపించింది. అందులో గోరు పెట్టి లాగితే వంపు తిరిగిన చిన్న చాకు తెరుచుకుంది. చాకు మడత మూలల్లో నల్లటి మసి గట్టిపడి ఉంది. అతను దాన్ని వేలితో రుద్ది వాసన చూశాడు.

"ఆముదం దీపం మసి," అన్నాడు. "ఇది డాక్టరుది కాదు సార్. ఇది గంటం."

"గంటమా?"

"తాటాకు మీద రాసే గంటం. మొన మొద్దుగా ఉండాది అందుకే. పదునుంటే ఆకు చీలిపోతుంది. ఆకు అంచులు కోసేదానికి చాకు. గీసిన అక్షరం కనపడేదానికి మసి పూస్తారు, ఆ మసే ఇది. పాళీ మాత్రం కాగితం మీద రాసేదానికి."

"ఒకే మనిషి రెండింటి మీదా ఎందుకు రాస్తాడప్పా?"

"రాయాల్సిన కాలం ఒకటుండె. ఊరి లెక్కలు తాటాకు మీద, దొరలకు అర్జీలు కాగితం మీద. రెండూ ఒక్కడే రాయాల. వాడెవడో ఈ గుండు చెప్తుంది."

బల్ల మీద పోలీసులు సీళ్ళకు వాడే లక్క కడ్డీ ఉంది. అగ్గిపుల్లతో దాన్ని కరిగించి, పాత కాగితం మీద చుక్క వేసి, గొట్టం కొసనున్న గుండును దాని మీద అద్దాడు. తీసేసరికి ఎర్రటి లక్కలో శంఖం, దాని కింద అక్షరాలు తేటగా లేచాయి. దేవరాజులు కూడబలుక్కుని చదివాడు.

"మొగిలిమడుగు... రాయసం."

"మొగిలిమడుగు సంస్థానంలో రాతకోతలు చూసే రాయసంగాడిది. నూరేళ్ళ పైబడిన వస్తువు. గంటం, పాళీ, చాకు, ముద్ర. నాలుగు పనులకు ఒక్క గొట్టం. చిన్నబ్బకు దీనితో ఏం పని? ఇది నాయుడిది. ఆయన బీరువాలోదే."

బాలసుబ్రమణ్యం మెల్లగా చప్పట్లు కొట్టాడు.

"బాగా చెప్పినావు. నాది పొరపాటే అనుకో. అయినా ఏమి మారింది? నాయుడి వస్తువుతోనే నాయుణ్ణి పొడిచినాడు కాంపౌండరు. ఇన్‌స్పెక్టర్ సార్, దీన్ని నాకివ్వండి. మద్రాసులో నాకు తెలిసిన పెద్దలున్నారు, పరీక్ష చేయించి రాతపూర్వకంగా తెస్తాను. కోర్టులో నిలబడాలంటే అది కావాల కదా?"

"ఇస్తామని చెప్పినా కదా. సాయంత్రం తీసకపోండి," అన్నాడు దేవరాజులు. కానీ కళ్ళు లక్క ముద్ర మీదే ఉన్నాయి.

రాజారత్నం గొట్టాన్ని మళ్ళీ తిప్పి చూశాడు. ముద్ర గుండుకు కాస్త కింద వెంట్రుక మందాన గీత ఒకటి చుట్టూ తిరిగి ఉంది. అక్కడ అతుకు ఉంది. తిప్పాడు. రాలేదు. దేవరాజులు అందుకుని పళ్ళు బిగించి తిప్పాడు. రాలేదు. తలుపు దగ్గరున్న హెడ్ కానిస్టేబుల్ కూడా వచ్చి తన బలం చూపించాడు. అది కదల్లేదు.

"వట్టి నగిషీ అది," అన్నాడు బాలసుబ్రమణ్యం సిగరెట్ ముట్టిస్తూ. "ఐదు నిమిషాలయింది."

* * *

మునస్వామి నాయుడి ఇంటికి రాజారత్నం పంకజాక్షిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆ గదిలో ఏది ఎక్కడుండేదో మొగుడి నోట వినివుంటుందని అతని ఆశ. ఆమె దారి పొడుగునా ఒక్క మాటే అడిగింది.

"అన్నా, సాయంత్రం లోపల వదుల్తారా?"

అతను అడుగు వేగం పెంచాడు.

ఆదిలక్ష్మమ్మ వరండాలోనే ఎదురైంది. యాభై దాటిన మనిషి. కళ్ళు వాచి ఉన్నాయి కానీ గొంతు స్థిరంగా ఉంది.

"మళ్ళా ఎందుకప్పా? పోలీసోళ్ళకి అంతా చెప్పేసినా."

"నాకు ఇంకోసారి చెప్పండమ్మా. చిన్నబ్బ పోయినాక ఇంట్లోకి ఎవరొచ్చినారు?"

"ఎవురూ రాలేదు."

"పెరటి వైపు నుంచి?"

"గడియ ఏసి ఉన్నింది. నేను వంటింట్లో ఉంటిని. వస్తే నాకు తెలీదా?"

"ఆ వెండి గొట్టం మీరు ముందు చూసినారా?"

"ఆయన సామాన్లు ఆయనవి. నన్ను ముట్టనిచ్చేటోడు కాదు. బీరువాలో ఏముండాదో నాకు తెల్దు." ఆమె చూపు పంకజాక్షి మీద పడింది. "దీన్నెందుకు పిల్చకొచ్చినారు? పాపం, ఏమి తిన్నిందో ఏమో. రా పంకజా, లోపలికి రా."

పంకజాక్షి ఆమె చేతులు పట్టుకుని ఏడ్చేసింది. "అమ్మా, నువ్వన్నా చెప్పమ్మా. అయ్యను సంపేంత పాపం చేసేవాడా ఆయన?"

ఆదిలక్ష్మమ్మ మొహం తిప్పుకుంది. "నాకేం తెలుసు తల్లీ," అంది.

రాజారత్నం అప్పటికే గదిలో ఉన్నాడు. మంచం, మందుల బల్ల, కిటికీ దగ్గర రాత బల్ల. మంచాన్ని వదిలేసి రాత బల్ల దగ్గరికి వెళ్ళాడు. పోలీసులు దాని జోలికి పోలేదు. దాని మీద తాటాకులున్నాయి. పాతవి కావు, పచ్చదనం ఇంకా పూర్తిగా పోని కొత్త ఆకులు. అంచులు శుభ్రంగా కోసి ఉన్నాయి. నాలుగైదు ఆకుల మీద గంటంతో గీసిన అక్షరాలు వంకరటింకరగా, కొత్తగా దిద్దుకునే పిల్లవాడి రాతలా ఉన్నాయి.

"మునస్వామి నాయుడు వస్తువును బీరువాలో పెట్టి చూసుకోలేదు," అన్నాడు తనలో తాను. "దాంతో రాయడం నేర్చుకుంటున్నాడు."

ఒక ఆకును ఎత్తి కిటికీకి ఎదురుగా పట్టాడు. దారం గుచ్చడానికి రెండు చిల్లులు పొడిచి ఉన్నాయి. ఆ చిల్లుల్లోంచి వెలుతురు పడుతోంది.

చిల్లులు గుండ్రంగా లేవు. చిన్నవే, కానీ నాలుగు మూలలూ తేటగా ఉన్నాయి. ఇంకో ఆకు తీశాడు. అదీ అంతే. అన్నీ అంతే.

గంటం మొన గుండ్రం. చాకుతో పొడిస్తే చీలిక పడుతుంది. మరి ఈ చిల్లులు వేసిందేది? సొరుగులు లాగాడు. బల్ల కింద వెతికాడు. మందుల బల్ల, పరుపు కింద, బీరువా, గది నాలుగు మూలలూ వెతికాడు. నాలుగంచుల ఇనుప ముక్క ఏదీ లేదు. అప్పుడు అర్థమైంది. ఆ గొట్టానికి నాలుగు పనులు కాదు. ఐదు. ఆ బిగుసుకుపోయిన అతుకు లోపల చిల్లులు పొడిచే ములుకు ఉండాలి. నాయుడి మెడలో దిగింది అదే. అయితే హంతకుడికి ఆ అతుకు తీయడం వచ్చు.

ముగ్గురు మగవాళ్ళు తిప్పినా రాని అతుకు.

అతను ఒక ఆకును రుమాల్లో చుట్టుకున్నాడు. "పంకజాక్షీ, నువ్వు ఈ గదిలోనే కూర్చో. ఇన్‌స్పెక్టర్ను తీసుకుని వస్తా. అంతవరకూ ఈ ఆకులను ఎవర్నీ ముట్టుకోనీవద్దు. నీ మొగుడి ప్రాణం వీటి మీద ఉండాది."

ఆమె తలూపింది. తలుపు దగ్గర నిలబడిన ఆదిలక్ష్మమ్మ, "నువ్వు పోప్పా, నేనుండాను కదా," అంది.

* * *

రాజారత్నం స్టేషనుకు వచ్చేసరికి గొట్టాన్ని గుడ్డలో చుట్టి, చుట్టూ దారం కడుతున్నారు. పక్కన బాలసుబ్రమణ్యం తోలు సంచీ తెరిచి పట్టుకున్నాడు.

"ఒక్క నిమిషం." రాజారత్నం గుడ్డను లాగేసి గొట్టాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "హెడ్డుగారూ, కటింగ్ ప్లేయర్ ఉందా?"

"జీపులో ఉండాది సార్."

"తీసుకురండి."

"ఎందుకప్పా?" అన్నాడు దేవరాజులు.

"దీని లోపల ఇంకో పనిముట్టుంది. హత్య చేసింది అదే. అతుకు రావడం లేదు. పగలగొడతా."

"కోర్టులో పెట్టే వస్తువు కదా ఇది!"

"గొట్టం పగిలినా సాక్ష్యమే. మనిషి ప్రాణం కంటే వెండి గొప్పదా?"

హెడ్ కానిస్టేబుల్ ప్లేయర్ తెచ్చిచ్చాడు. రాజారత్నం గొట్టాన్ని బల్ల అంచుకు ఆనించి, ముద్ర గుండును ప్లేయర్ నోట్లో పెట్టి నొక్కాడు. వెండి కిర్రుమంది. చెక్కిన తీగల్లో ఒకటి నలిగింది.

"వద్దు!" బాలసుబ్రమణ్యం లేచి నిలబడ్డాడు. "ఏమి చేస్తా ఉండావు? బుద్ధుందా నీకు?"

"నువ్వే అన్నావు కదా, వట్టి నగిషీ అని."

మళ్ళీ నొక్కాడు. ఇంకో తీగ లేచిపోయింది.

"అయ్యో, అట్ల కాదురా మూర్ఖుడా!"

బాలసుబ్రమణ్యం ఒక్క అంగలో వచ్చి గొట్టాన్ని లాక్కున్నాడు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పొదివి పట్టుకుని, బొటనవేలితో ముద్ర గుండును లోపలికి నొక్కి, అలాగే పట్టి కుడివైపుకు తిప్పాడు. ఏ మూతనైనా ఎడమకు తిప్పి తీస్తారు. ఇది కుడికి తిరిగింది. ఒక్క చిటుక్కుమన్న శబ్దంతో గుండు ఊడి అతని అరచేతిలోకి వచ్చింది.

స్టేషనులో అందరూ అతని చేతుల వంకే చూస్తున్నారు. అతను కూడా తన చేతుల వంక చూసుకున్నాడు.

"లోపల చూడండి ఇన్‌స్పెక్టర్‌గారూ," అన్నాడు రాజారత్నం నెమ్మదిగా. "నలుచదరంగా ఒక గుంత ఉంటుంది. ఖాళీగా ఉంటుంది." రుమాలు విప్పి తాటాకును బల్ల మీద పెట్టాడు. "ఆ గుంతలో ఉండాల్సిన ములుకు వేసిన చిల్లులు ఇవి. నాయుడి మెడ మీద గాయం కూడా దానిదే."

దేవరాజులు గొట్టంలోకి తొంగి చూశాడు. ఆకును ఎత్తి చూశాడు. తర్వాత బాలసుబ్రమణ్యం మొహంలోకి చూశాడు. "నిన్ననే మొదటిసారి చూసినానంటివే దీన్ని?"

"పొద్దున మేం ముగ్గురం ఈ అతుకును తిప్పినాం," అన్నాడు రాజారత్నం. "పాత వస్తువుల వ్యాపారి, చెయ్యి పెట్టకుండా ఉండగలడా? ఈయన ఒక్కడే పెట్టలేదు. అప్పుడే అనుకున్నా. ఆ రోజు మంచం కిందికి దొర్లితే వదిలేసి పారిపోయినదాన్ని తీసుకుపోయేదానికే స్టేషనుకొచ్చినాడు."

బాలసుబ్రమణ్యం నలిగిన వెండి తీగను వేలితో సరిచేస్తున్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పదేండ్లు వెతికినాను దీని కోసరం," అన్నాడు. "ఇట్లాంటిది ఇంకొకటి లేదు. అమ్మనన్నాడు, సరి. ఒకసారి చేతికియ్యమన్నాను, ఇచ్చినాడు. ఆ ముసలాయన దీంతో ఏం చేస్తా ఉండాడో తెలుసా? తాటాకులు కోస్తా ఉండాడు! మసి పూసి, చిల్లులు పొడుస్తా, బలపం మాదిరి వాడతా ఉండాడు!"

"దానికి మనిషిని చంపుతావా?" అన్నాడు దేవరాజులు.

జవాబుగా బాలసుబ్రమణ్యం చెయ్యి చొక్కా జేబులోకి పోయింది. జేబుకు తగిలించిన పెన్నుల్లో ఒకటి బయటికి వచ్చింది. అది పెన్ను కాదు. నాలుగంచుల నల్లటి ఇనుప ములుకు. రాజారత్నం పక్కకు తప్పుకునేలోపే అతని గొంతు మీదికి వచ్చేసింది. దేవరాజులు చెయ్యి అడ్డం పెట్టాడు. ములుకు అతని అరచేతిలో దిగి అటువైపు తేలింది.

కుర్చీలు పడిపోయాయి. హెడ్ కానిస్టేబుల్, ఇంకో ఇద్దరు కలిసి బాలసుబ్రమణ్యాన్ని నేలకు అదిమి పట్టారు. సంకెళ్ళు వేసి వెనక గది వైపు ఈడ్చుకుపోతుంటే అతను తల తిప్పి, "గుండు కింద పడింది, తొక్కొద్దు! తొక్కొద్దు!" అని అరుస్తూనే ఉన్నాడు.

దేవరాజులు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ములుకు లాగేసి, రక్తాన్ని చొక్కాకు తుడుచుకుని అరచేతిని మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు. చిన్న గాయం. మళ్ళీ రక్తం నిండేలోపు నాలుగు మూలలూ కనిపించాయి.

"చిన్నబ్బను బయటికి పిల్చకరండి," అన్నాడు.

చిన్నబ్బ గోడ పట్టుకుని నడిచి వచ్చాడు. పెదవి చిట్లింది. చేతివేళ్ళు దొండకాయల్లా ఉబ్బి ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ చేతి నుంచి కారే రక్తాన్ని చూసి ఆగాడు. అలమారలో మందుల పెట్టె ఉందని ఎవరో అన్నారు. ఎవరూ అడక్కుండానే చిన్నబ్బ దాన్ని తెరిచి దూదీ, గుడ్డా తీశాడు.

"వద్దులే," అన్నాడు దేవరాజులు, అతని వేళ్ళ వంక చూడలేక.

"ఇనుము సార్. ఊరికే ఇడిస్తే చీము పడతాది. ఆసుపత్రికి పొయ్యేదాకా ఇది ఉండనీండి."

ఆ వాచిన వేళ్ళు గుడ్డను పట్టుకోలేక రెండుసార్లు జారవిడిచాయి. మూడోసారి పట్టుకుని చుట్టడం మొదలుపెట్టాడు. దేవరాజులు కింది పెదవి పళ్ళతో నొక్కి పట్టాడు. అది నొప్పికో సిగ్గుకో రాజారత్నానికి తెలియలేదు.

"చిన్నబ్బా, నువ్వు ఇంటికి పోవచ్చు," అన్నాడు రాజారత్నం. "మద్రాసాయన దొరికినాడు."

"సూసినా సార్, ఇప్పుడు ఈడ్సకపోతా ఉంటే." చిన్నబ్బ తల ఎత్తకుండా చుడుతున్నాడు. "ఆయప్పే. ఆ దినం నేను సూదేసి పోతా ఉంటే పెరట్లో నిలబడి ఉన్నింది ఆయప్పే."

రాజారత్నం చప్పున అతని వైపు తిరిగాడు. "నువ్వు చూసినావా? మరి రాత్రంతా తన్నులు తింటా ఎందుకు చెప్పలేదు?"

చిన్నబ్బ చేతులు ఆగిపోయాయి.

"ఎట్ల చెప్పేది సార్? ఆయప్పకి పెరటి గడియ తీసింది అమ్మ. ఆదిలక్ష్మమ్మ. లోపలికి పిల్చకపోతా, నన్ను సూసి పెదవి మీద ఏలు పెట్టింది. మా అమ్మ పోయినాక ఆమె చేతి కూడు తిని పెరిగినోణ్ణి. ఆమె పేరు నా నోట్లోంచి ఎట్ల వస్తాది?" అతను కళ్ళు తుడుచుకున్నాడు. "ఇది నాకూ ఆమెకూ తప్ప ఇంకెవురికీ తెల్దు. పంకజకు మాత్రం చెప్పినా ఆ రాత్రి. అమ్మను అడగొద్దే అని ఒట్టు కూడా ఏయించుకున్నా. పంకజ యాడుండాది సార్? బయట ఉంటాదనుకొంటిని."

రాజారత్నం పంకజాక్షిని ఆదిలక్ష్మమ్మ దగ్గరే వదిలి వచ్చాడు. పంకజాక్షి ఆదిలక్ష్మమ్మ చేతులు పట్టుకుని, నువ్వన్నా చెప్పమ్మా అని ఎందుకు ఏడ్చిందో ఇప్పుడు తెలిసింది. పంకజాక్షికి తెలుసునని ఆదిలక్ష్మమ్మకూ అప్పుడే తెలిసిపోయి ఉంటుంది.

"సార్, పంకజ యాడ?" చిన్నబ్బ గొంతు పెరిగింది.

దేవరాజులు రాజారత్నం మొహం చూశాడు. సగం చుట్టిన కట్టు వేలాడుతుండగానే జీపు వైపు పరుగెత్తాడు.